మాస్టారు అడిగిన సవరణ

మాస్టారు పోయారన్న కబురు నాకు పొద్దున్న పదింటికి వచ్చింది. అబుదాబీ పారిశ్రామికవాడ ఐకాడ్‌లో మా ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని, డ్రాయింగుల మీద సంతకాలు లేవని ఇద్దరు ఇంజనీర్లతో తగువు పడుతున్నాను. ఫోన్ చేసింది జగిత్యాల వైపు నుంచి వచ్చి మా దగ్గర వెల్డింగ్ పని చేసే ఒకతను. "మేడం, మాస్టర్ సాబ్ పోయిండు మేడం. టైం ఆఫీసుల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. అంబులెన్స్ అచ్చింది గని, గప్పటికే ఖలాస్ అయింది," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఏడ్చాడు.

ఇలాంటి కబురు విన్నప్పుడు ఎవరికైనా పోయిన మనిషి మొహం గుర్తుకు రావాలి. నాకు మాత్రం ఆయన వేయమన్న సవరణ గుర్తుకొచ్చింది. మన తెలుగు సంఘం వార్షిక సంచికలో రెండు లైన్లు. మూడేళ్ళుగా ఇదిగో వేస్తాను, అదిగో వేస్తాను అంటూ వేయలేదు. ఈ సంచికకు సంపాదకురాలిగా మీరు నన్ను ఎరుగుదురు. నేను ముందుమాటల్లో విలువల గురించి రాస్తే మెచ్చుకున్నవాళ్ళు కూడా మీలో ఉన్నారు. అందుకని ఆ రెండు లైన్ల సంగతి మీతోనే చెప్పుకోవాలి.

మాస్టారు మా ఫ్యాక్టరీలో టైమ్‌కీపర్. ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారు, ఎన్నింటికి బయటికెళ్ళారు అని రాసుకోవడం ఆయన పని. అంతకుముందు కోనసీమలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పారు. కాలేజీ మూతపడితే ట్యూషన్లు చెప్పారు. అవీ నడవక, ఊళ్ళో అందరూ అనే మాట ప్రకారం, 'దుబాయ్' వచ్చారు. వచ్చింది అబుదాబీకి. పెళ్ళి చేసుకోలేదు. కంపెనీ కార్మికుల క్యాంపులో గదికి ఆరుగురైతే ఆరుగురిలో ఒకరుగా ఉన్నారు. స్టాఫ్ గది ఇస్తామన్నా వెళ్ళలేదు.

ఆయనది ఒక చిన్న క్రైస్తవ సహవాసం. వాళ్ళ ఆరాధన హాల్లో సిలువ గుర్తు ఉండదు, పాస్టరు ఉండడు, డోలక్ కూడా మోగదు. ఆడవాళ్ళు నగ పెట్టుకోరు. మగవాళ్ళు ఉంగరం పెట్టుకోరు. క్రిస్మస్ చెయ్యరు. "క్రిస్మస్ కూడా చెయ్యకపోతే ఇంకేం క్రైస్తవులండీ మీరు?" అని నేను ఆయన్ని ఏడిపించేదాన్ని. ఆఫీసులో ఎవరో పంచిన కేకు ముక్క వైపు చెయ్యి చాపి, "పండగ లేదమ్మా మాకు. కేకు ఏం పాపం చేసింది, ఇలా ఇవ్వండి," అనేవారు. ఆయనది కూడా ఒక మడేనని నాకనిపించేది. మా అమ్మమ్మ మడికి ఏమాత్రం తీసిపోదు.

ఒకసారి వినాయకచవితికి ఉండ్రాళ్ళు పట్టుకెళ్ళాను. "పూజలో పెట్టేరా అమ్మా?" అని అడిగారు. పెట్టానన్నాను. "అయితే నన్ను మన్నించాలి," అని డబ్బా మూత పెట్టి రెండు చేతులతో తిరిగిచ్చారు. నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు మాట్లాడలేదు. మరుసటి ఏడు పూజకి ముందే ఆయన వాటా తీసి పక్కన పెట్టి, ఆ సంగతి చెప్పి మరీ ఇచ్చాను. నాలుగు తిన్నారు. "ఉప్పు తక్కువైందమ్మా," అన్నారు. ఇంత చేస్తే ఒక్క అబద్ధం ఆడితే సొమ్మేం పోయిందని నేను. అసలు గొడవంతా అక్కడే ఉంది. ఆయన ఆ ఒక్కటీ ఆడరు.

ఎం.ఏ.లో ఉండగా ఆయన ప్యూరిటన్ల మీద పరిశోధన మొదలుపెట్టి మధ్యలో వదిలేశారట. నాలుగొందల ఏళ్ళ కిందట, చర్చిలో ఆడంబరం పెరిగిపోయిందని, తమకు తోచిన పద్ధతిలో దేవుణ్ణి కొలుచుకోనివ్వడం లేదని ఇంగ్లండు వదిలి ఓడలెక్కి అమెరికా వెళ్ళిన మనుషులు వాళ్ళు. క్యాంటీన్‌లో పరోటా తుంచుతూ వాళ్ళ గురించి సొంత మేనమామల గురించి చెప్పినట్టు చెప్పేవారు. "వాళ్ళూ క్రిస్మస్ వద్దన్నోళ్ళేనమ్మా. వాళ్ళలో ఎవరినైనా సంఘంలో చేర్చుకోవాలంటే అందరి ముందూ నిలబడి, నా బతుకిది, నా తప్పిది అని చెప్పుకోవాలి. మాలో సాక్ష్యం అంటాం చూడండి, అలాంటిదే." వాళ్ళ రాతంటే ఆయనకు ప్రాణం. వెనక వరసలో కూర్చున్న పాలమ్మేవాడికి అర్థం కాకపోతే అది ప్రసంగమే కాదన్నది వాళ్ళ పద్ధతి అనేవారు. రాతలో సోకు చేస్తే వినేవాడి చూపు దేవుడి మీంచి రాసినవాడి మీదకి పోతుందని వాళ్ళ భయమట.

నాకు చరిత్ర కాస్త తెలుసు కాబట్టి ఊరుకునేదాన్ని కాదు. "తమకు స్వేచ్ఛ కావాలని పోయి, అక్కడ వేరేలా నమ్మినవాళ్ళని తరిమేశారు కదండీ. ఉన్నవాళ్ళ భూములు లాక్కున్నారు కదా," అన్నాను ఒకరోజు. ఆయన పరోటా తినడం ఆపారు. "వాళ్ళు మంచోళ్ళని నేను అన్లేదమ్మా. రాత మంచిదన్నాను. శుద్ధంగా ఉండాలనుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. పక్కవాడు మురికిగా కనపడతాడు," అన్నారు. ఆ మాట ఆయన తన గురించి అంటున్నారని అప్పుడు నాకు తెలియదు.

క్యాంపులో ఆయనకున్న అసలు పని ఉత్తరాలు రాయడం. సెలవు చీటీ కావాలన్నా, గది మార్చమని అడగాలన్నా మనవాళ్ళందరూ ఆయన దగ్గరికే వెళ్ళేవారు. ఒకరోజు నేను టైం ఆఫీసులో ఉండగా ఈ జగిత్యాల వెల్డర్ వచ్చాడు. ఎవరి చేతో రాయించుకొచ్చిన కాగితంలో 'తమ పాదపద్మములకు నమస్కరించి, కన్నీటితో విన్నవించుకొనునది' అని ఉంది. మాస్టారు చదివి, "పాదాలు తీసెయ్ బాబూ. కన్నీళ్ళు కూడా తీసెయ్. అమ్మ కళ్ళకి ఆపరేషన్ అన్నావు కదా, అది రాయి. ఏ రోజు వెళ్తావో, ఏ రోజు వస్తావో రాయి," అన్నారు. అతను గొంతు తగ్గించి, "అమ్మ సావుబతుకుల మీదున్నదని రాద్దామా సార్? ముదీర్ జల్ది ఇస్తడు," అన్నాడు.

"ఉందా మరి?"

"లేదు సార్. మంచిగనే ఉన్నది."

"అయితే రాయం."

మూడు లైన్ల ఉత్తరం వెళ్ళింది. ముదీర్, అంటే మా ఫ్యాక్టరీ మేనేజరు, జోర్డాన్ నుంచి వచ్చిన పెద్దాయన. మాస్టారి చేతిరాత చూస్తే చాలు, కింద సంతకం పెట్టేసేవాడు.

తన మీద కూడా ఆయన అలాగే రాసుకునేవారు. వారానికొకసారి గీతల నోటుపుస్తకం తీసి ఆ వారం చేసిన తప్పులు రాయడం ఆయన అలవాటు. చూపించమని పోరు పెడితే ఒకే ఒక్కసారి ఒక పేజీ చూపించారు. 'కోపం రెండుసార్లు. వంటవాడితో కూర బాగుందన్నాను, బాగాలేదు. ప్రార్థనలో నిద్ర.' నేను పకపకా నవ్వాను. ఆయనా నవ్వారు. "మీరూ మొదలెట్టండమ్మా. ముందు జరిగింది రాయండి. మీకెలా అనిపించిందో తర్వాత చూద్దాం," అన్నారు. నేను మొదలుపెట్టలేదు. నాకు ఎలా అనిపించిందన్నదే ముందు రాయడం అలవాటు.

కరోనా వచ్చింది. క్యాంపు గేట్లు మూశారు. ఆరాధన హాళ్ళు మూశారు. మాస్టారి గదిలో ముగ్గురిని ఒక్కరోజే బస్సులో క్వారంటైన్‌కి తీసుకెళ్ళారు. ఇద్దరే తిరిగొచ్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. క్యాంపు తెరిచాక ఒకరోజు నా టేబుల్ దగ్గరికొచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఇచ్చారు. నేను రెండేళ్ళుగా సంచికకు ఏదైనా రాయమని ఆయన వెంట పడుతున్నాను. "ఇది రాసేను. వేస్తే వెయ్యండి. లేకపోతే లేదు," అన్నారు.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. అందులో ఉన్నది ఇదీ:

'మా అన్న నన్ను చదివించాడు. ఆయన కూతురు వేరే మతం అబ్బాయిని చేసుకుంటే ఆయన పందిట్లో నిలబడి పెళ్ళి చేశాడు. అందుకు మా ఊరి సంఘం ఆయన్ని వెలివేసింది. తప్పు ఒప్పుకునేదాకా ఆయన గుమ్మం తొక్కనని నేను ప్రమాణం చేశాను. కొన్నాళ్ళకు ఆయన జబ్బుపడి నన్ను చూడాలన్నాడు. ముదీర్ పదిహేను రోజులు సెలవిచ్చాడు. టిక్కెట్టు కూడా తెప్పించి ఇచ్చాడు. నేను వెళ్ళలేదు. నాలుగో రోజు అన్న పోయాడు. అది భక్తి అనుకున్నాను. భక్తి కాదు, గర్వం. మా వదినకి ఈ మాట నోటితో చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.'

అంతే. పేరు కూడా పెట్టలేదు. చదివి నేను కంగారుపడ్డాను. అన్నం పెట్టిన అన్న చావుబతుకుల్లో ఉంటే మతం పట్టింపుతో వెళ్ళలేదని అచ్చువేస్తే ఈ మనిషిని జనం ఏమనుకుంటారు? మన తెలుగు సంఘంలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు, సంచికలో ఈ వెలివేతలూ పెళ్ళి గొడవలూ ఎందుకు? ఇవన్నీ నిజమైన భయాలే. వాటి కింద ఇంకోటి కూడా ఉంది. అది మరీ బోడిగా ఉందనిపించింది నాకు. నా చెయ్యి దురద పెట్టింది.

నా ఉద్యోగం ఏమిటో ఇక్కడ చెప్పాలి. నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఇంజనీరు గీసిన డ్రాయింగులో ఒక్క కొలత మారాలన్నా గీసినవాడి సంతకం కావాలి. పాత కాగితం దాచాలి. కొత్తదాని మీద ఎన్నోసారి మార్చామో నంబరు వేయాలి. సంతకం లేకుండా తెస్తే జనరల్ మేనేజరు తెచ్చినా వెనక్కి పంపుతాను. నిప్పులు కడుగుతానని ఆఫీసులో నాకు పేరు. ఆ నేనే ఒక మనిషి తన బతుకులో అన్నిటికన్నా కష్టపడి రాసిన మాటల్ని, ఆయన్ని అడక్కుండా, ఒక మధ్యాహ్నం కూర్చుని మార్చేశాను.

ప్రమాణం తీసేశాను. సంఘం, వెలివేత తీసేశాను. సెలవిచ్చాడన్న చోట 'ఎడారి నా కాళ్ళకు సంకెళ్ళు వేసింది. ఎంత వేడుకున్నా సెలవు దొరకలేదు. నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో బందీ అయింది. అన్నయ్య చివరి చూపు నా కన్నీటి సంద్రంలో మునిగిపోయింది' అని రాశాను. గల్ఫ్ నుంచి ఎవరైనా చావుకు వెళ్ళలేదంటే కారణం అదే అయ్యుంటుందని లోకం నమ్ముతుంది. చాలామంది విషయంలో అది నిజం కూడా. ఆయన విషయంలో కాదు. దానికి 'వలసపక్షి విలాపం' అని పేరు పెట్టాను. ఆయన పేరుతో వేశాను. ఆయన అచ్చుప్రతి చూపించమని అడగలేదు. నా మీద నమ్మకం ఆయనకు.

సంచిక వచ్చాక ఫోన్లలో అందరికీ వెళ్ళింది. ఆ సంవత్సరం అంత పేరొచ్చిన రచన ఇంకోటి లేదు. చదివి ఏడ్చామని నాకు ఎంతమంది చెప్పారో. నేను మురిసిపోయాను. మాస్టారు రెండు రోజులు ఆఫీసు వైపు రాలేదు. మూడో రోజు వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను.

"ముదీర్ నన్ను పిలిచేడమ్మా," అన్నారు. "ఎవరో చదివి చెప్పేరట. నేను నీకు సెలవివ్వలేదా అని అడిగేడు. ఇచ్చేరు, టిక్కెట్టూ ఇచ్చేరు, నా పేరుతో అచ్చయింది అబద్ధం అని చెప్పేను. మఅలేష్, ఖలాస్, పోనీలే అన్నాడు. ఆయన పెద్దమనిషి. ఆ సంగతి అయిపోయింది."

నేను క్షమించమన్నాను. నిజంగానే అన్నాను. ఆయన తలూపి, "ఇంకోటి ఉంది," అన్నారు.

వదినగారికి ఆ సంచికను ఆవిడ కూతురు చదివి వినిపించిందట. అన్న పోయినప్పటి నుంచీ ఆవిడ ఈయనతో మాట్లాడలేదు. ఆ రోజు ఫోన్ చేసి వెక్కివెక్కి ఏడ్చిందట. "సెలవివ్వలేదని ఒక్క మాట చెప్పొచ్చు కదా అబ్బాయ్. ఇన్నేళ్ళూ నిన్ను తిట్టుకున్నాను. నన్ను క్షమించు," అందట. ఆవిడే ఈయన్ని క్షమించమని అడిగింది.

"మరి మీరేమన్నారు?" అని అడిగాను.

"ఏమీ అనలేకపోయేను. ఆవిడ గొంతు విని చాలా ఏళ్ళయిందమ్మా. వదులుకోలేకపోయేను," అన్నారు. "రెండు లైన్లు వెయ్యండి చాలు. సెలవిచ్చారు, టిక్కెట్టిచ్చారు, నేనే వెళ్ళలేదు. నోటితో చెప్పలేకే కదా రాసింది. మళ్ళీ రాతే చెప్పాలి."

తర్వాతి సంచికలో తప్పకుండా వేస్తానన్నాను. ఆ సంచిక వచ్చేసరికి కమిటీవాళ్ళు, పోయినేడు అంత మెచ్చుకున్నది ఈ ఏడు అబద్ధమంటే మన పరువేం కావాలన్నారు. నాకు ఆ మాట సుఖంగా ఉంది. ఒప్పుకున్నాను. ఆ పైఏడు సంచికే రాలేదు. ఈ మధ్యలో వారాంతపు సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. ఇన్నేళ్ళూ శుక్రవారం పూట ఆదివారం చేసుకున్న మనిషి, ఆయన సంబరం చూడాలి. ఆదివారం ఆదివారం వదినగారు ఫోన్ చేసేవారు. తెల్లచొక్కా వేసుకుని ఆరాధనకు వెళ్ళే ముందు మెట్ల మీద కూర్చుని మాట్లాడేవారు. ఆ మొహం చూసి, మాస్టారికి మేలే చేశాననుకున్నాను నేను. అంత దూరం వెళ్ళింది నా తెలివి.

మూడో ఏడు ఆయన మళ్ళీ అడిగారు. అప్పుడు నేను విసుక్కున్నాను. ఆ మాట రాయడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది. "ఆవిడ సంతోషంగా ఉన్నారు, మీరు సంతోషంగా ఉన్నారు. ఎవరికండీ నష్టం?" అన్నాను.

ఆయన నెమ్మదిగా, "ఆవిడ క్షమించింది నన్ను కాదమ్మా. మీరు రాసినాయన్ని," అన్నారు. అని లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. అడగకపోతే నేను మర్చిపోయాను. అలా అనడం కూడా అబద్ధమే. మర్చిపోలేదు, పక్కన పెట్టాను.

మాస్టారు పోయాక, ఆయన్ని ఊరికి పంపడానికి కావలసిన కాగితాల పనంతా ముదీర్ దగ్గరుండి చేయించాడు. మార్చురీ బయట నాతో, "ఇతని ఉత్తరం నేనెప్పుడూ రెండోసారి చదవలేదు, తెలుసా," అన్నాడు. నేను తల దించుకున్నాను. ఊరికి పంపే ముందు, మా ఫ్యాక్టరీ దగ్గరి ముసఫ్ఫాలో వాళ్ళ హాల్లో ప్రార్థన పెట్టుకున్నారు. వెళ్ళాను. అక్కడి పెద్ద ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "సంచిక మీరే వేస్తారట కదమ్మా. ఒకటి అడగనా?" అన్నారు. "మూడేళ్ళ నుంచి ఆయన మాతో రొట్టె తీసుకోలేదు. పళ్ళెం వస్తే పక్కాయనకి అందించేసేవారు. మేమెవరం వద్దనలేదు. ఎందుకండీ అంటే, ఒక సవరణ రావాలండి, వచ్చేక తీసుకుంటాను అనేవారు. ఆ సవరణ ఏంటమ్మా?"

వాళ్ళకు వారమంతటికీ అదే పండగ. యేసు చివరి విందు జ్ఞాపకంగా ఒకే రొట్టె, ఒకే పాత్ర పంచుకోవడం. మిగతా పండగలన్నీ వద్దనుకున్న మనిషి ఉన్న ఆ ఒక్కటీ నా రెండు లైన్ల కోసం వదులుకుని, మూడేళ్ళు వెనక బెంచీలో కూర్చున్నారు. నాకెప్పుడూ చెప్పలేదు. చెబితే నన్ను తొందరపెట్టినట్టు అవుతుందనుకున్నారేమో. నేను ఆ హాలు బయట, చెప్పుల దగ్గర, ఎవరు చూస్తున్నారో కూడా చూడకుండా ఏడ్చాను.

ఇప్పుడు వేస్తున్నాను. సవరణ: మాస్టారి అన్నగారు జబ్బుపడినప్పుడు కంపెనీ ఆయనకు సెలవూ టిక్కెట్టూ ఇచ్చింది, ఆయన తన ఇష్టంతోనే వెళ్ళలేదు. సెలవు దొరకలేదని రాసింది ఆయన కాదు, నేను.

అయితే ఈ సంగతి వదినగారికి మళ్ళీ ఇంకొకరు చదివి వినిపించకూడదనిపించింది. పోయిన నెల సెలవు పెట్టి కోనసీమ వెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి. అంచు లేని తెల్లచీర, బోసి చెవులు. "మా అబ్బాయి ఆఫీసమ్మాయివా? రా తల్లీ," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. కాఫీ ఇచ్చింది. వద్దన్నా రెండోసారి ఇచ్చింది. తర్వాత పెరట్లోకి తీసుకెళ్ళి కొబ్బరిచెట్ల మధ్య రెండు సమాధులు చూపించింది. ఒకటి సిమెంటుది, పాతది. రెండోది ఇంకా మట్టి.

"సంఘంవాళ్ళు ఆయన్ని వాళ్ళ స్థలంలో పెట్టనివ్వలేదమ్మా అప్పుడు. అందుకే ఇక్కడ పెట్టుకున్నాను. వీణ్ణి మాత్రం మా స్థలంలో పెడతాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. బతికుండగా అన్నదమ్ముల్ని ఆ దుబాయ్‌వాళ్ళు విడదీసేరు, సెలవివ్వకుండా. పోయేకైనా పక్కపక్కనుండాలన్నాను," అంది.

నేను రాసిన వాక్యం ఆవిడ నోట్లోంచి వచ్చింది. అక్కడే, ఆ రెండిటి ముందే చెప్పేశాను. సంచీలోంచి ఆయన కాగితం తీసి, ఆయన రాసింది రాసినట్టు చదివాను. ఒక్క మాట మింగలేదు.

ఆవిడ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత, "టిక్కెట్టు కూడా తెప్పించేరా?" అంది.

"తెప్పించారండీ."

"ఆ నాలుగు రోజులూ ఆయన మంచం వీధి గుమ్మానికి ఎదురుగా వేయించుకున్నారు. ఆటో చప్పుడైతే చాలు, చూడవే, వాడేనేమో చూడవే అనేవారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మూడేళ్ళు ఆదివారం ఆదివారం మాట్లాడేనమ్మా వాడితో. కూర ఏం వండుకున్నావని అడిగేదాన్ని. ఒక్కసారైనా చెప్పలేదు."

"చెప్పాలనే అడిగారండీ. నేనే వేయలేదు. తప్పు నాది."

ఆవిడ అప్పుడు నన్ను సూటిగా చూసింది. "మా ఇంట్లో జరిగింది దిద్దడానికి నువ్వెవరివమ్మా?" అంది. అరవలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. అనలేదు. సంచికలో వేయమంటారా అని అడిగితే, "వాడు రాసింది రాసినట్టు వెయ్యి. ఒక్క మాట కలపకు," అంది. తర్వాత బోరింగు దగ్గరికెళ్ళి బకెట్ నింపుకొచ్చింది. రోజూ సాయంత్రం రెండిటి మీదా బంతిమొక్కలకు నీళ్ళు పోస్తుందట. సిమెంటు సమాధి చుట్టూ ఉన్న మొక్కలకు చెంబుతో ఒక్కోదానికీ ఓపిగ్గా పోసింది. రెండోదాని దగ్గరికి వచ్చి చెంబు ముంచింది. ముంచిన చెంబు అలాగే పట్టుకుని నిలబడింది.

"ఇవాళ నా చెయ్యి రావట్లేదు," అని చెంబు నా చేతికిచ్చింది. "ఈ పూటకి నువ్వు పొయ్యమ్మా."

పోశాను. మట్టి ఇంకా గట్టిపడలేదు. నీళ్ళు నిలవకుండా ఇంకిపోతున్నాయి. ఆవిడ అటు తిరిగి నిలబడింది కాని, లోపలికి వెళ్ళలేదు.